ముందు గడ్డర్, ఆ తర్వాతే గోడ: మహబూబ్‌నగర్‌లో ఒక పాత ఇంటి కేస్ స్టడీ

సంక్రాంతి పోయిన వారానికి ఒక టీచరు గారు ఫోన్ చేశారు. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు వాళ్లది ముప్పై ఏళ్ల ఇల్లు. కింద వాళ్లుంటారు, పైన అద్దెకున్నవాళ్లు. హాలుకూ వంటింటికీ మధ్యనున్న గోడ తీసేసి రెండూ కలపాలని వాళ్ల ఆలోచన. ఆయన తల్లికి 78 ఏళ్లు. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వాకర్‌తో నడుస్తున్నారు. ఆ గోడకున్న దర్వాజ రెండున్నర అడుగులే. గడపకు వాకర్ తట్టుకుని ఒకసారి పడబోయారట. "అమ్మ హాల్ల కూసున్నా వంటింట్ల ఉన్నోళ్లకు కనవడాలె సార్. గంతే నాకు కావాల్సింది" అన్నారు.

నేను వెళ్లేసరికే ఒక వెల్డింగ్ షాపులో మాట అయిపోయింది. ఎనిమిదంగుళాల గడ్డర్ ఒకటి తెచ్చి, రెండు చివరలా గోడలోకి ఆరంగుళాలు దూర్చి, కింద గోడ కొట్టేస్తారు. ఒక్క రోజు పని. మా దగ్గర ఇలాంటి పనులు చాలా వరకు ఇలాగే జరుగుతాయి. కొన్ని నిలబడతాయి కూడా. ఎందుకు నిలబడ్డాయో చేసినవాళ్లకూ తెలియదు, అదే నా భయం.

ఆ గోడ బరువు మోస్తోందా లేదా అన్నది మొదటి ప్రశ్న. పిల్లర్లున్నాయని టీచరు గారు గట్టిగా చెప్పారు. చూస్తే పిల్లర్లు ముందు పోర్టికోకు మాత్రమే ఉన్నాయి. మిగతా ఇల్లంతా 9 అంగుళాల ఇటుక గోడల మీదే ఉంది. ఆ గోడ మీద రెండు వైపుల స్లాబూ కూర్చుంది: హాలు వైపు 12 అడుగుల స్పాన్ (ఒక దన్ను నుంచి మరో దన్నుకు దూరం), వంటింటి వైపు 10 అడుగులు. పై అంతస్తులో సరిగ్గా దాని మీదే మరో 9 అంగుళాల గోడ, దాని మీద పై కప్పు. మొత్తం ఇంట్లో అత్యంత బరువు మోసే గోడ అదే.

లెక్క

125 మిల్లీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 312 కిలోలు. టైల్సూ వాటి కింది మాలూ కలిపి 120. మనుషులు, సామాన్ల కోసం ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ఇళ్లకు చెప్పే 200 కిలోలు. అంటే చదరపు మీటరుకు సుమారు 630 కిలోలు. రెండు స్పాన్లలో సగం సగం కలిపితే 3.35 మీటర్ల వెడల్పు బరువు ఈ గోడ మీదకు వస్తుంది. స్లాబు ఆగకుండా ఇటు నుంచి అటు సాగుతుంది కాబట్టి మధ్య గోడకు పాతిక శాతం ఎక్కువే పడుతుంది. అలా మొదటి స్లాబు నుంచి గోడ పొడవులో మీటరుకు 2.65 టన్నులు. పై గోడ 1.45 టన్నులు. పై కప్పు, వాటర్‌ఫ్రూఫింగ్‌తో కలిపి 2.7 టన్నులు. మొత్తం మీటరుకు 6.8 టన్నులు.

11 అడుగుల ఖాళీ కావాలన్నారు. దన్నుల మధ్య దూరం 3.6 మీటర్లుగా తీసుకున్నాను. గడ్డర్ మోయాల్సింది 24 టన్నులకు పైన. ఒక్కో చివర దిగే బరువు 12 టన్నులకు పైన. టీచరు గారికి ఈ అంకె చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోడు చేసిన ఇసుక లారీని ఊహించుకోమన్నాను. ఆ గోడ ముప్పై ఏళ్లుగా చప్పుడు లేకుండా అంత మోస్తోంది కాబట్టే మనకది మామూలు గోడలా కనిపిస్తుంది.

ఎనిమిదంగుళాల గడ్డర్, అంటే ఐఎస్ఎంబీ 200, ఇక్కడ కావాల్సిన బలంలో మూడో వంతు మాత్రమే ఇస్తుంది. సెక్షన్ మాడ్యులస్, అంటే వంచే బరువును తట్టుకునే శక్తిని చెప్పే కొలత, 667 ఘనపు సెంటీమీటర్లు కావాలి, దానికున్నది 223. ఐఎస్ఎంబీ 300 కూడా 573 దగ్గరే ఆగిపోతుంది. ఐఎస్ఎంబీ 350 ఒక్కటి సరిపోతుంది కానీ 14 అంగుళాల లోతు, 200 కిలోల బరువు. ఆ గదిలో దాన్ని పైకెత్తి కూర్చోబెట్టడం కష్టం. అందుకే ఐఎస్ఎంబీ 250 రెండు పక్కపక్కన వేయాలని నిర్ణయించాను. రెండూ కలిపి 820. ఫ్లాంజ్ (గడ్డర్‌కు పైనా కిందా ఉండే అడ్డ పలక) వెడల్పు 125 చొప్పున రెండు కలిస్తే 250 మిల్లీమీటర్లు. ప్లాస్టరింగ్‌తో కలిపి గోడ మందం దాదాపు అంతే. పూర్తి బరువు మీద వంపు 7 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, స్పాన్‌లో ఐదువందల వంతు.

జంట గడ్డర్లు ఎంచుకోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. అది పని చేసే వరుసకు సంబంధించింది.

చివరలు

సైజు లెక్క పెన్నుతో పది నిమిషాల్లో తేలిపోతుంది. గడ్డర్ కూలిపోయిన చోట్ల నేను చూసినంతలో గడ్డర్ విరగలేదు. దాని కింద ఇటుక నలిగింది. వెల్డింగ్ షాపు చెప్పినట్టు నాలుగంగుళాల వెడల్పు ఫ్లాంజ్‌ను ఆరంగుళాలు గోడలో దూరిస్తే దొరికే చోటు 150 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 12 టన్నులంటే చదరపు సెంటీమీటరుకు 80 కిలోలు. మన దగ్గరి మామూలు ఇటుక గోడకు 5 కిలోల దగ్గర ఆగడం క్షేమం. కింద కాంక్రీటు బెడ్ బ్లాక్ పోసినా ఆ గోడ చాలదు. ఈ బరువును ఇటుక మీద పెట్టకుండా నేరుగా పునాదికి దించాలి.

రెండు చివరలా స్టీలు పోస్టులు పెట్టాం. ఐఎస్ఎంసీ 150, అంటే ఆరంగుళాల ఇనుప ఛానెళ్లు రెండు ఎదురెదురుగా చేర్చి వెల్డ్ చేస్తే 150 బై 150 పెట్టె అవుతుంది. అది 9 అంగుళాల గోడలో ఇమిడిపోతుంది. పైన 16 మిల్లీమీటర్ల ప్లేటు, కింద అదే మందం బేస్ ప్లేటు, 20 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు. పక్కపక్కనున్న రెండు గడ్డర్ల నిలువు పలకలు దాదాపుగా పోస్టు ఛానెళ్ల నిలువు పలకల మీదే వచ్చి వాలతాయి. బరువు వంకర తిరగకుండా దిగుతుంది.

మరి పునాది? బయటి వైపు నాలుగడుగుల గుంత తీసి చూశాం. రెండున్నర అడుగుల వెడల్పు రాతి కట్టడం, అడుగున గట్టి మొరం. పాలమూరు నేల ఈ విషయంలో మనకు చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు. నల్లరేగడి అయితే ఈ ప్లాను వేరేలా ఉండేది. గోడ పోయినా దాని కింది పునాది అలాగే ఉంటుంది కదా. ఆ రాతి పునాది మీద ఒక్కో పోస్టు కింద మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 9 అంగుళాల మందం కాంక్రీటు దిమ్మె పోశాం. అక్కడి నుంచి బరువు రాతి కట్టడంలో పరుచుకుంటూ దిగి, మొరం దగ్గరికి వచ్చేసరికి ఆరడుగుల పైన పొడవుకు విస్తరిస్తుంది. 12.2 టన్నులు 1.9 మీటర్ల మీద పడితే మీటరుకు 6.4 టన్నులు. గోడ ఉన్నప్పుడు ఆ పునాది మోసింది మీటరుకు 6.8. నేలకు కొత్త బరువేమీ చెప్పడం లేదని తేలాకే పని ఒప్పుకున్నాను.

జాకీలు పెట్టి గోడ కొట్టేస్తే ఏమవుతుంది

మేస్త్రీది దేవరకద్ర. ముంబైలో, పుణెలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. పాలమూరు నుంచి వలసపోయి దేశమంతా కట్టినవాళ్లలో ఒకడు. అతని చేతి పని మీద నాకు నమ్మకం. అతను కూడా మొదట ఇదే అడిగాడు: "రెండు దిక్కుల జాకీలు బిగిచ్చి గోడ తీసి గడ్డర్ ఎక్కిస్తే రెండొద్దుల పని గద సారూ?"

జాకీలంటే స్లాబు కింద నిలిపి, మర తిప్పి బిగించే ఇనుప దన్నులు. పైన గోడ లేకపోతే అలా చేయొచ్చు. ఇక్కడ కుదరదు. గోడ మీదుగా పోయే చోట స్లాబులో కడ్డీలు ఎక్కువగా పై వైపు ఉంటాయి, అక్కడ స్లాబు పై వైపున సాగే ప్రయత్నం చేస్తుంది కాబట్టి. గోడకు రెండున్నర అడుగుల దూరంలో అటొక వరుస, ఇటొక వరుస జాకీలు పెట్టి మధ్యలో గోడ తీసేస్తే, పై గోడా పై కప్పూ కలిసి మీటరుకు నాలుగు టన్నుల బరువు ఆ ఐదడుగుల ఖాళీ నడుమ వేలాడుతుంది. అప్పుడు స్లాబు కింది వైపున సాగుతుంది. అక్కడ అడుగు కడ్డీలు చాలినన్ని ఉండవు. జాకీలు ఎంత గట్టివైనా లాభం లేదు, బరువు వాటి తల మీద లేదు.

అందుకని ఈ పనికి ఒక్కటే నియమం పెట్టుకున్నాం. పై గోడ కింది గీత ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదు. హాలు వైపు నుంచి గోడ పై భాగంలో సగం మందం మాత్రమే కోసి మొదటి గడ్డర్ దూర్చాలి. దాని మీదకు బరువు ఎక్కించాలి. తర్వాత వంటింటి వైపు సగం కోసి రెండోది. రెండూ బరువు అందుకున్న తర్వాతే కింది గోడ ముట్టుకోవాలి. జంట గడ్డర్లు కావాలన్నది ఇందుకే.

జాకీలు పెట్టాం, బరువు తగ్గించడానికీ, తోడుకూ. కిందా పైనా ఒకదాని నెత్తిన ఒకటి వచ్చేలా మొత్తం ఇరవై. వాటి కింద చెక్క బల్లలు. పై వాటా వాళ్లు మూడు వారాలు బంధువులింటికి వెళ్లారు. పైకప్పు మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ చేయించాను, అదొక్కటే ఒక టన్ను. గడ్డర్లు రెండూ జాకీల కంటే ముందే తెచ్చి గోడ పక్కన పడుకోబెట్టాం. జాకీలు నిలబెట్టాక 13 అడుగుల ఇనుము లోపలికి తేవడానికి దారి ఉండదు.

కుర్చీలో కూర్చుని ఆ అమ్మ ఇదంతా చూస్తూ ఉన్నారు. "పిల్లలమర్రి కొమ్మల కింద దిమ్మెలు కట్టినట్టు కట్టిన్రు గద బిడ్డా" అన్నారు. మా ఊరి ఏడువందల ఏళ్ల మర్రికి 2018లో చెదల మందు సెలైన్‌లా ఎక్కించి, వాలిన కొమ్మలకు దన్నులు పెట్టిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఆ మాటతో ఇంట్లో వాళ్లందరి టెన్షన్ కాస్త తగ్గింది.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. కింది అంతస్తు జాకీలు మొదటి రోజు నేను లేనప్పుడు బిగించారు. ఎంత బిగించాలో చెప్పి వెళ్లలేదు. ఇనుప రాడ్ పెట్టి తిప్పారు. సాయంత్రానికి పై హాల్లో రెండు టైల్స్ గుల్లగా మోగుతున్నాయి, ఒకటి అంచు లేచింది. స్లాబును కింది నుంచి ఎత్తేశామన్న మాట. చేత్తో తిప్పినంత, ఆపై పావు చుట్టు, అంతకు మించి వద్దని అప్పుడు చెప్పాను. టైల్స్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

పై గోడ అడుగున, తలుపు మూలల్లో తొమ్మిది చోట్ల పీఓపీ పట్టీలు అతికించి తేదీ రాశాం. గోడ వెంట్రుకంత కదిలినా పీఓపీ చిట్లుతుంది. పది రూపాయల సాక్షి.

వెలుతురు

ముందు పోస్టుల కోసం అడుగున్నర వెడల్పు గాళ్లు పై నుంచి కింది దాకా కోశాం, ఒకటి పూర్తయ్యాక మరొకటి. అంత చిన్న ఖాళీని పై గోడ తనే కమానులా దాటేస్తుంది. దిమ్మెలు పోసి పది రోజులు తడిపాం. పోస్టులు నిలిపి తూకుగుండు వేసి చూసి, బేస్ ప్లేట్ల కింద గ్రౌట్ (సందుల్లో పోసే పలచటి సిమెంటు మాలు) నింపాం. ఇందులో విశేషమేమీ లేదు.

గడ్డర్లు వచ్చిన రోజు మాత్రం ఒక గొడవ అయింది. 3.85 మీటర్ల ఐఎస్ఎంబీ 250 ఒక్కోటి 143 కిలోలకు పైన తూగాలి, మీటరుకు 37.3 కిలోలు కాబట్టి. కాంటా మీద పెడితే 127. లోతు సరిగ్గానే ఉంది, నిలువు పలకా ఫ్లాంజూ పలచగా ఉన్నాయి. రోలింగులో కొద్దిపాటి తేడా ఎక్కడైనా ఉంటుంది, 16 కిలోల తేడా ఒప్పుకోలేను. వెనక్కి పంపి, మిల్లు సర్టిఫికెట్ ఉన్న సరుకు తెప్పించడానికి ఐదు రోజులు పట్టింది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. కాంటా ఒక్కటే చెబుతుంది.

హాలు వైపు కోత మొదలుపెట్టాం. బ్రేకర్ వాడనివ్వలేదు. మన గోడల్లో కొన్ని ఇటుకలు అడ్డంగా, పూర్తి మందం దాటి ఉంటాయి. వాటిని సుత్తితో కొడితే ఆ దెబ్బ అవతలి సగానికి తగిలి అదీ వదులవుతుంది. డైమండ్ బ్లేడు కటింగ్ మిషన్‌తో గీతలు కోసి, చిన్న ఉలితో ముక్కలు ముక్కలుగా తీశారు. 12 అంగుళాల ఎత్తు, నాలుగున్నర లోతు. మూడు గంటలప్పుడు మేస్త్రీ చెయ్యి ఆపాడు.

"సారూ, ఆగుండ్రి. అవతలి దిక్కు నుంచి వెలుగు కనవడుతుంది."

రెండడుగుల మేర వెనక ఇటుక లేదు. వంటింటి ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది. కోడి జాలీ మీద కొట్టిన ప్లాస్టరింగ్ ఒక పొర, అంతే. సగం గోడ మిగిలి బరువు మోస్తుందని నేను వేసుకున్న ప్లాను ఆ రెండడుగుల్లో అబద్ధమైపోయింది. ఇంకో గజం కోసి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

అమ్మను అడిగితే వెంటనే చెప్పారు. "గక్కడ వెంటిలేటర్ ఉండె బిడ్డా. కట్టెల పొయ్యి పొగ పోనీకి పెట్టిచ్చిన. గ్యాసు వచ్చినంక మా ఆయన మూపిచ్చిండు." మూసినప్పుడు హాలు వైపు మాత్రమే ఒక వరుస ఇటుక కట్టి, వంటింటి వైపు జాలీ కొట్టి పూత పూశారు. అప్పుడు ఆ పని తప్పేమీ కాదు, పైన చిన్న లింటెల్ బండ ఉంది కాబట్టి. మేం కోసింది ఆ ఒక్క వరుసనే.

పని ఆపేశాం. ఆ చోట రెండు వైపులా అదనంగా నాలుగు జాకీలు నిలిపాం. వంటింటి వైపు నుంచి ఒకటికి మూడు మాలుతో ఇటుక కట్టి, స్లాబు కింది సందులో పొడి మాలు కూరి గట్టిగా దట్టించాం. నాలుగు రోజులు తడిపి, ఆ తర్వాతే మళ్లీ కోత. ఇప్పుడు ఏ పాత ఇంటికి వెళ్లినా టేపు తీసేముందు ఆ ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుంటాను. ఏ తలుపు ఎక్కడ ఉండేది, ఏ గూడు ఎప్పుడు మూశారు, పొయ్యి ఎక్కడ ఉండేది అని అడుగుతాను. గోడంతా సుత్తి పిడితో తట్టి గుల్ల శబ్దం వచ్చే చోట్ల సుద్దతో గుర్తు పెడతాను. ఆ అమ్మ మూడు వారాలు మా ఎదురుగానే ఉన్నారు. మేం ఎవరం ఆమెను అడగలేదు.

బరువు ఎక్కించడం

ఇదే అసలు పని. చాలా చోట్ల గడ్డర్‌ను స్లాబు కింద పెట్టి, మిగిలిన అంగుళం సందులో మాలు కొట్టేసి గోడ తీసేస్తారు. మాలు ఆరుతూ ముడుచుకుంటుంది. గడ్డర్ మీద అప్పటికి ఏ బరువూ లేదు. గోడ పోగానే స్లాబు ముందు ఆ సందు పూడేదాకా దిగి, తర్వాత గడ్డర్ వంగినంతా దిగుతుంది. పై గోడలో మెట్లు మెట్లుగా పగుళ్లు వస్తాయి. గడ్డర్ సైజు తప్పని అందరూ అనుకుంటారు. నిజానికి దాని మీదకు బరువు ఎవరూ చేర్చలేదు.

మా లెక్క ప్రకారం స్థిరమైన బరువుకే జంట గడ్డర్లు నడుమ 5.6 మిల్లీమీటర్లు వంగాలి. ఆ వంపులో ఎక్కువ భాగం గోడ ఉండగానే గడ్డర్‌కు తెప్పించాలి. రెండు హెచ్ ఫ్రేముల మీద చైన్ పుల్లీలు కట్టి మొదటి గడ్డర్ పైకి తీశాం. స్లాబుకు దేన్నీ వేలాడదీయలేదు. చివరలు పోస్టుల మీద కూర్చున్నాయి. పై ఫ్లాంజ్‌కూ స్లాబుకూ మధ్య 30 మిల్లీమీటర్ల సందు. ప్రతి అడుగుకు ఒక జత ఇనుప వెడ్జీలు, అంటే ఏటవాలు ముక్కలు, మందం ఒక చివర 20 మిల్లీమీటర్లు, రెండో చివర 12, ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా. నిలువు పలక సరిగ్గా కిందకు వచ్చేలా పెట్టించాను. ఫ్లాంజ్ అంచున పెడితే అంచు వంగి ఊరుకుంటుంది.

గడ్డర్ కింద ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టాం. నడుమ నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ వరుసగా, ఒక్కో వెడ్జీకి ఒక్కో దెబ్బ. ఒక్కచోటే కొడితే అక్కడ స్లాబు లేస్తుంది. నడుమ 2 మిల్లీమీటర్లు దిగగానే ఆపించాను. ఒక్క గడ్డరే ఉంది కాబట్టి అప్పటికి అది చాలు.

మర్నాడు వంటింటి వైపు కోసి రెండోది ఎక్కించాం. దాన్ని 4 మిల్లీమీటర్ల దాకా దించాం. తర్వాత మొదటిదాని వెడ్జీలను సుత్తితో తట్టి చూస్తే మూడు వదులుగా మోగాయి! రెండోది బరువు లాక్కోవడంతో మొదటిది తేలికపడింది. దానివి మళ్లీ బిగిస్తే ఈసారి రెండోదానివి కొంచెం వదులయ్యాయి. అటు రెండు దెబ్బలు, ఇటు రెండు దెబ్బలు, అలా నాలుగు విడతలు తిరిగాం. చివరికి రెండు గడ్డర్లూ 4 మిల్లీమీటర్ల దగ్గర, అన్ని వెడ్జీలూ ఒకే గట్టి శబ్దంతో మోగాయి. ఆ పూట మేస్త్రీకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. చెవితోనే పట్టేశాడు.

వెడ్జీలను చుక్క వెల్డు పెట్టి కదలకుండా చేశాం. పోస్టుల మీద గడ్డర్ నిలువు పలకకు రెండు వైపులా అది నలగకుండా ఆపే స్టిఫెనర్ ప్లేట్లు వెల్డ్ చేశాం. రెండు గడ్డర్లనూ మధ్య మధ్యలో బోల్టులతో కలిపాం. సందంతా నాన్ ష్రింక్ గ్రౌట్, అంటే ఆరినా ముడుచుకోనిది. ఒక పక్క చెక్క కట్టి, మరో పక్క నుంచి పోస్తూ, అవతలి అంచున బయటికి వచ్చేదాకా. అందులో గాలి నిలిస్తే ఇంత శ్రమా వృథా. ఏడు రోజులు ఆగాం. అప్పటిదాకా కింద గోడ అలాగే ఉంది. టీచరు గారికి ఓపిక తగ్గుతోందని తెలుస్తోంది, ఆయన ఒక్క మాట అనలేదు.

గోడ తీసింది ఒక ఆదివారం. నడుమ దర్వాజ పై నుంచి మొదలుపెట్టి, వరుస వరుసగా, పై నుంచి కిందికి. గడ్డర్ కింది మొదటి వరుస తీస్తున్నప్పుడు నేను దారం దగ్గరే ఉన్నాను. నాలుగు, నాలుగున్నర. సగం గోడ పోయేసరికి ఐదు. సాయంత్రం జాకీలు ఒక్కో పావు చుట్టు వదులు చేస్తూ, పై అంతస్తువి ముందు, కిందవి తర్వాత, రెండు రోజుల్లో తీసేశాం. చివరికి ఐదున్నర మిల్లీమీటర్లు. గోడ తీసినందువల్ల స్లాబు దిగింది ఒకటిన్నర మిల్లీమీటర్లు. తొమ్మిది పీఓపీ పట్టీల్లో ఎనిమిది చెక్కుచెదరలేదు. పై తలుపు మూలది ఒకటి సన్నగా గీత పడింది.

స్టీలు మొత్తం 520 కిలోల పైచిలుకు అయింది. వెల్డింగ్ షాపు చెప్పిన ధరకు మూడు రెట్లు, ఒక్క రోజు పనికి బదులు నలభై రోజులు. ఇది తక్కువేమీ కాదు, ఒక టీచరు జీతం మీద నడిచే ఇంట్లో. ఖర్చు తగ్గించమని ఎవరైనా అడిగితే టైల్స్, పెయింటు, ఫాల్ సీలింగ్ దగ్గర తగ్గించమంటాను. పోస్టు కింది దిమ్మె దగ్గర తగ్గించను. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి, కోడి జాలీ చుట్టి, అంగుళంన్నర మందం సిమెంటు పూత పూశాం. అది అందం కోసం పెట్టింది కాదు. 550 డిగ్రీల దగ్గర ఇనుము బలం సగానికి పడిపోతుంది, పక్కనే గ్యాసు పొయ్యి ఉంది.

పూత పూసే ముందు కింది ఫ్లాంజ్‌కు మూడు చోట్ల చిన్న బోల్టు తలలు వెల్డ్ చేయించి, అవి పూత బయటికి కనిపించేలా వదిలాను. వాటి మధ్య దారం కడితే ఎప్పుడైనా వంపు కొలవచ్చు. వానాకాలం పోయాక దసరాకు వెళ్లి కొలిచాను. పై వాటా వాళ్లు తిరిగొచ్చారు, ట్యాంకు నిండుగా ఉంది. ఆరు మిల్లీమీటర్లు. పై గోడకున్న ఆ గీత పడిన పట్టీ పక్కన కొత్తది అతికించి తేదీ రాస్తుంటే కింద నుంచి అమ్మ గొంతు వినిపించింది. గోడ ఉండే చోటు దాటి వంటింటి దాకా తనే నడిచి వచ్చి, చాయ్ అయిందని పిలుస్తున్నారు.